బఫర్ ద్రావణంలో పోసిన ఆమ్లం ఎక్కడికి పోతోంది?

నీలిలిట్మస్
డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మొన్న ల్యాబ్‌లో రెండు బీకర్లు పెట్టారు. ఒకదానిలో 100 మిల్లీలీటర్ల స్వేదనజలం. రెండోదానిలో అంతే పరిమాణంలో ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ కలిపిన ద్రావణం; రెండింటి గాఢతా 0.1 మోలార్. ఒక్కోదానిలో 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్కో మిల్లీలీటరు పోశాం. నీటి పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 2 దగ్గరికి పడిపోయింది. రెండో బీకరులో మాత్రం లెక్క ప్రకారం 4.76 నుంచి 4.67కు తగ్గాలి. మీటరు చూపించిన తేడా కూడా దాదాపు అంతే.

పుస్తకంలో ‘బఫర్ ద్రావణం పీహెచ్ మార్పును నిరోధిస్తుంది’ అని ఒక్క వాక్యం ఉంది. నిరోధించడం అంటే ఏం జరుగుతోంది? రెండు బీకర్లలో పోసిన ఆమ్లం ఒక్కటే. రెండోదానిలో ఆ హైడ్రోజన్ అయాన్లు ఏమయ్యాయి? ఇంకో సందేహం కూడా ఉంది. ఎసిటిక్ ఆమ్లం నీటిలో తనంతట తానే కొంత ఎసిటేట్‌ను ఇస్తుంది కదా, మళ్లీ విడిగా సోడియం ఎసిటేట్ ఎందుకు కలపాలి?

పాతబోర్డు
మీ రెండో సందేహం నుంచి మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు దానిలోనే ఉంది.

ఎసిటిక్ ఆమ్లం బలహీన ఆమ్లం. 0.1 మోలార్ ద్రావణంలో వందకు ఒకటికి కాస్త పైన, అంటే సుమారు 1.3 శాతం అణువులే హైడ్రోజన్, ఎసిటేట్ అయాన్లుగా విడిపోతాయి. మీ 100 మిల్లీలీటర్లలో మొత్తం 10 మిల్లీమోల్‌ల ఆమ్లం ఉంటే, అది సొంతంగా ఇచ్చిన ఎసిటేట్ 0.13 మిల్లీమోల్ మాత్రమే. మీరు పోసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 మిల్లీమోల్. ఆ కొద్దిపాటి ఎసిటేట్ దీన్ని ఎలా అందుకుంటుంది? అందుకే సోడియం ఎసిటేట్ కలిపి ఆ నిల్వను 10 మిల్లీమోల్‌లకు పెంచుతాం.

ఇప్పుడు మొదటి ప్రశ్న. హైడ్రోజన్ అయాన్లు ఎక్కడికీ పోలేదు. ఎసిటేట్ అయాన్లకు అతుక్కుని ఎసిటిక్ ఆమ్లం అణువులుగా మారాయి. బీకరులోనే ఉన్నాయి, కానీ స్వేచ్ఛగా లేవు. పీహెచ్ మీటరు స్వేచ్ఛగా తిరిగే హైడ్రోజన్ అయాన్లనే చూస్తుంది, అణువులో బంధంలో ఉన్నవాటిని చూడదు.

లెక్క చూడండి. మొదట ఎసిటేట్ 10, ఆమ్లం 10. ఒక మిల్లీమోల్ ఆమ్లం పోశాక ఎసిటేట్ 9, ఆమ్లం 11. పీకేఏ అంటే ఆమ్లం, దాని జంట సమానంగా ఉన్నప్పటి పీహెచ్, ఎసిటిక్ ఆమ్లానికి 4.76. ఎసిటేట్‌ను ఆమ్లంతో భాగించిన నిష్పత్తి సంవర్గమానాన్ని పీకేఏకు కలిపితే వచ్చేదే పీహెచ్. 9ని 11తో భాగిస్తే 0.82, దాని సంవర్గమానం మైనస్ 0.09. 4.76లో నుంచి 0.09 తీసేస్తే 4.67. మీ మీటరు చూపిన తేడా ఇదే. క్షారం పోసినా ఇదే కథ, దిశ మాత్రం మారుతుంది. హైడ్రాక్సైడ్ అయాన్లను ఎసిటిక్ ఆమ్లం అందుకుని తాను ఎసిటేట్‌గా మారుతుంది. జంటలో ఇద్దరూ తగినంత ఉండాలనేది అందుకే.

ఒక చిన్న మాట. స్వేదనజలం పీహెచ్ సిద్ధాంతం ప్రకారం 7. గాలికి తెరిచి ఉంచితే మాత్రం 6 కన్నా కిందికి, సుమారు 5.6కు దిగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. ఆ అతి కొద్ది ఆమ్లానికే నీరు అంత కదిలిపోతుందంటే, దానిలో పట్టుకునే జంట ఏదీ లేకపోవడమే కారణం.

నీలిలిట్మస్
ధన్యవాదాలు మాస్టారూ. ‘నిరోధిస్తుంది’ అన్న మాట కన్నా 10, 10 కాస్తా 9, 11 కావడం నాకు బాగా అర్థమైంది. దీని నుంచే ఇంకో ప్రశ్న పుట్టింది. నిష్పత్తే ముఖ్యమైతే, అదే ద్రావణాన్ని పది రెట్లు పలుచన చేసినా నిష్పత్తి ఒకటే, పీహెచ్ 4.76 దగ్గరే ఉండాలి. మరి రసాయనాలు అంత ఎక్కువ వాడటం ఎందుకు?

కాలమ్_కాపరి
మందుల కంపెనీ నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేస్తాను. కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పలుచన చేస్తే పీహెచ్ పెద్దగా మారదు, నిజమే. మారేది సామర్థ్యం. మీ ప్రయోగాన్నే 0.01 మోలార్ ద్రావణంతో చేయండి. ఇప్పుడు 100 మిల్లీలీటర్లలో ఎసిటేట్ 1 మిల్లీమోల్, ఆమ్లం 1 మిల్లీమోల్. అదే 1 మిల్లీమోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఎసిటేట్ మొత్తం ఖర్చయిపోతుంది. మిగిలేది ఎసిటిక్ ఆమ్లం ఒక్కటే, పీహెచ్ 3.2 దగ్గరికి జారుతుంది. ఇంకో చుక్క పోస్తే దాన్ని అందుకునేవాళ్లు లేరు. ఆ పైన అది బఫర్ కాదు.

చిన్న గుంటలోనూ పెద్ద చెరువులోనూ నీటి మట్టం ఒకే ఎత్తులో ఉండవచ్చు. బిందెడు నీళ్లు పోస్తే గుంట మట్టం లేస్తుంది, చెరువు మట్టం లేచినట్టే తెలియదు. పీహెచ్ ఆ మట్టం, గాఢత ఆ వైశాల్యం.

సామర్థ్యానికి ఒక కొలత ఉంది. 1922లో వాన్ స్లైక్ దాన్ని సూత్రంగా రాశాడు. పీహెచ్ సరిగ్గా పీకేఏ దగ్గర ఉన్నప్పుడు సామర్థ్యం గరిష్ఠం. ఒక యూనిట్ దూరం జరిగితే నిష్పత్తి 10:1 అవుతుంది, సామర్థ్యం గరిష్ఠంలో మూడో వంతుకు పడిపోతుంది. ‘పీకేఏకు అటూ ఇటూ ఒక యూనిట్ లోపల వాడండి’ అని పుస్తకాల్లో ఉండే నియమం ఇక్కడి నుంచి వచ్చిందే. ఆ గీత దాటగానే బఫర్ ఆగిపోతుందని కాదు, బలహీనపడుతూ పోతుంది.

మా పనిలో ఫాస్ఫేట్ బఫర్ ఎక్కువ. ఫాస్ఫారిక్ ఆమ్లానికి మూడు పీకేఏలు: సుమారు 2.1, 7.2, 12.3. అంటే పీహెచ్ 2.5 దగ్గరా 7 దగ్గరా బాగా పనిచేస్తుంది. పీహెచ్ 4.5 కావాలని ఫాస్ఫేట్‌తో మొబైల్ ఫేజ్ (నమూనాను కాలమ్ అనే విడదీసే గొట్టం గుండా మోసుకెళ్లే ద్రవం) చేస్తే మీటరులో 4.5 చక్కగా కనిపిస్తుంది, కానీ అక్కడ దానికి పట్టు దాదాపు ఉండదు. నమూనాలోని కొద్ది ఆమ్లానికే గ్రాఫులో ఆ పదార్థాన్ని చూపే శిఖరం, అంటే పీక్, చోటు జరిగిపోతుంది. అక్కడ ఎసిటేట్ వాడాలి. అలాగని ఫాస్ఫేట్ గాఢత పెంచుకుంటూ పోకూడదు. మొబైల్ ఫేజ్‌లో నీటితో కలిపే ద్రావణి అసిటోనైట్రైల్ వాటా ఎక్కువైనప్పుడు ఫాస్ఫేట్ లవణం పంపులోనే గడ్డకడుతుంది. పని అయ్యాక కాలమ్‌ను ముందు నీటి వాటా ఎక్కువున్న మిశ్రమంతో కడిగి, ఆ తరువాతే అసిటోనైట్రైల్ వైపు వెళ్లాలి. ఈ క్రమం తప్పిన చోట కాలమ్‌లు పాడవడం చాలా చూశాను.

చలిగది
కాలమ్_కాపరి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ప్రోటీన్ పని చేసేవాళ్లకు ట్రిస్ బఫర్ తెలిసే ఉంటుంది. దాని పీకేఏ 25 డిగ్రీల దగ్గర 8.1. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే పీహెచ్ సుమారు 0.03 పెరుగుతుంది. గది వేడిలో 8.0కు సరిచేసిన ట్రిస్‌ను 4 డిగ్రీల చలిగదిలోకి తీసుకెళితే 8.6 దగ్గర ఉంటుంది. ప్రయోగం ఏ ఉష్ణోగ్రతలో చేస్తారో అక్కడే పీహెచ్ సరిచేయండి. ఫాస్ఫేట్‌లో ఈ మార్పు పదో వంతే ఉంటుంది.

నీట్_అభ్యర్థి
పీకేఏకు ఒక యూనిట్ లోపల అన్న నియమం చదివాక ఒక చిక్కు వచ్చింది. రక్తం పీహెచ్ 7.4. రక్తంలో ప్రధాన బఫర్ బైకార్బొనేట్ అని చదివాం. దాని పీకేఏ 6.1. తేడా 1.3. నియమం ప్రకారం ఇది పనికిరాని బఫర్ కదా? శరీరం దీన్ని ఎందుకు ఎంచుకుంది?

పాతబోర్డు
మంచి ప్రశ్న. చరిత్ర కూడా ఇక్కడే మొదలైంది. 1908లో అమెరికాలో హెండర్సన్ రక్తంలోని కార్బోనిక్ ఆమ్లం లెక్క కోసమే ఈ సమీకరణాన్ని రాశాడు. మరుసటి ఏడాది కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సన్ పీహెచ్ అనే కొలతను తెచ్చాడు. ఆ తరువాత 1916లో డెన్మార్క్‌కే చెందిన హాసెల్‌బాల్క్ హెండర్సన్ సమీకరణాన్ని సంవర్గమాన రూపంలోకి మార్చాడు. మీరు ఎసిటేట్‌కు వాడే సూత్రం రక్తం నుంచి వచ్చినదే. వైద్యులు ఎవరైనా ఉంటే మిగతాది వాళ్లే చెప్పాలి.

నాడి
వైద్యవృత్తిలో ఉన్నాను. ఈ ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పాలి, మాటలతో చెబితే నమ్మకం కుదరదు.

ధమని రక్తంలో లీటరుకు బైకార్బొనేట్ 24 మిల్లీమోల్‌లు. కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ 1.2 మిల్లీమోల్‌లు. నిష్పత్తి 20:1. 20 సంవర్గమానం 1.3. 6.1కి 1.3 కలిపితే 7.4.

ఇప్పుడు ఈ రక్తాన్ని సీసాలో పోసి మూత బిగించామనుకోండి. లీటరుకు 10 మిల్లీమోల్‌ల ఆమ్లం కలిపాం. బైకార్బొనేట్ 24 నుంచి 14కు దిగింది. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేదు, 1.2 కాస్తా 11.2 అయింది. నిష్పత్తి 1.25. పీహెచ్ 6.2. మనిషి బతకడు. మీ నియమం సీసాకు వర్తించింది, అక్కడ ఇది నిజంగానే మంచి బఫర్ కాదు.

శరీరం సీసా కాదు. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది. దాన్ని 1.2 దగ్గరే ఉంచగలిగితే నిష్పత్తి 14ను 1.2తో భాగించినంత, పీహెచ్ 7.17. అంతటితో ఆగదు. మెదడు ఊపిరి వేగాన్ని పెంచి కార్బన్ డయాక్సైడ్‌ను మామూలు కన్నా కిందికి, సుమారు 0.87కు దించుతుంది. ఇప్పుడు పీహెచ్ 7.31. మామూలు హద్దులైన 7.35, 7.45కు కాస్త బయటే, కానీ 6.2తో పోల్చి చూడండి. పోసిన ఆమ్లం అంతా ఒక్కటే.

మధుమేహం అదుపు తప్పి కీటో ఆమ్లాలు పేరుకున్న రోగి లోతుగా, వేగంగా ఊపిరి పీల్చడం ప్రతి హౌస్ సర్జన్ చూస్తాడు. అది ఆయాసం మాత్రమే కాదు. ఆ మనిషి తన రక్తంలోని ఆమ్లాన్ని ఊపిరి రూపంలో బయటికి పంపుతున్నాడు. ఖర్చయిన బైకార్బొనేట్‌ను తిరిగి తయారు చేసే పని మూత్రపిండాలది, దానికి గంటలు, రోజులు పడతాయి.

కాబట్టి శరీరం ఈ జంటతో నెగ్గుకురావడానికి పీకేఏ కారణం కాదు. రెండు చివరలనూ విడివిడిగా సరిచేసుకోగలగడం కారణం. కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల చేతిలో, బైకార్బొనేట్ మూత్రపిండాల చేతిలో ఉన్నాయి. ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ కూడా పెద్ద బఫరే, దాన్ని మరిచిపోకూడదు.

నీట్_అభ్యర్థి
అయితే భయంతో మరీ వేగంగా ఊపిరి పీల్చేవాళ్లకు పీహెచ్ పెరగాలి కదండీ?

నాడి
పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సగానికి, అంటే 0.6కు పడితే నిష్పత్తి 40, లెక్కకు పీహెచ్ 7.7. కణాల్లోని బఫర్లు కొంత సర్దుతాయి కాబట్టి నిజంగా కాస్త తక్కువగానే ఉంటుంది. పీహెచ్ పెరిగితే రక్తంలో స్వేచ్ఛగా ఉన్న కాల్షియం అయాన్లు ఆల్బుమిన్ అనే రక్త ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. అందుకే వేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి వస్తుంది.

ఉప్పుటేరు
చర్చ మధ్యలోకి వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. భీమవరం దగ్గర వనామి రొయ్యల చెరువులు చేస్తున్నాను. మీరంతా చెప్పుకుంటున్న బైకార్బొనేట్ మాట మా ల్యాబ్ రిపోర్టులో ఆల్కలినిటీ (నీరు ఆమ్లాన్ని పట్టుకునే శక్తి) పక్కన ఉంది, అందుకే అడుగుతున్నాను. మా చెరువులో పొద్దున పీహెచ్ 7.6, సాయంత్రం నాలుగింటికి 9.1. ఆల్కలినిటీ 60 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). ఒకరు సున్నం వేయమంటారు, ఒకరు డోలమైట్ అంటారు, ఒకరు వంట సోడా అంటారు. రొయ్య మేత సరిగా తినడం లేదు. ఇది కూడా బఫర్ సంగతేనా?

నిర్వాహకులు
చెరువు ప్రశ్నను వేరే శీర్షిక కిందికి మార్చమని ఒక సభ్యులు కోరారు. రక్తంలోనూ చెరువులోనూ ఉన్నది ఒకే జంట కాబట్టి ఇక్కడే ఉంచుతున్నాం.

నీటిపరీక్ష
ఉప్పుటేరు గారూ, ఇది పూర్తిగా బఫర్ సంగతే. నాడి గారు చెప్పిన కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ జంటే మీ చెరువులోనూ ఉంది. అక్కడ ఊపిరితిత్తులు చేసే పనిని ఇక్కడ ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు) చేస్తుంది. తేడా ఏమిటంటే, దానికి మన పీహెచ్ గురించి పట్టదు.

పగలు ఎండలో ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది. అది అయిపోతే బైకార్బొనేట్ విడిపోయి మళ్లీ కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది, వెనక కార్బొనేట్ మిగులుతుంది. పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ ఊపిరి వదులుతాయి, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పీహెచ్ దిగుతుంది. ఈ ఊగిసలాట ప్రతి చెరువులోనూ ఉంటుంది. రోజులో 0.5 లోపల ఉంటే రొయ్య తట్టుకుంటుంది. మీది 1.5. నీటిలో పట్టుకునే బైకార్బొనేట్ తక్కువ, నీటి రంగు బహుశా చిక్కగా ఉంది. వనామికి ఆల్కలినిటీ కనీసం 100 పీపీఎం ఉండాలి, 120 నుంచి 150 ఉంటే మంచిది.

సాయంత్రం 9.1 అన్నది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అమ్మోనియా కూడా ఒక బఫర్ జంటే: అమ్మోనియం అయాన్, అమ్మోనియా వాయువు. విషం రెండోది. 30 డిగ్రీల మంచినీటి లెక్కలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం 7, 8 శాతం. పీహెచ్ 9 దగ్గర దాదాపు 45 శాతం. అంటే అమ్మోనియా ఒక్క చుక్క పెరగకుండానే, పీహెచ్ ఎక్కడం వల్లే విషం ఆరు రెట్లవుతోంది. మేత తినకపోవడానికి ఇదొక్కటే కారణమని ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ ముందు చూడవలసింది ఇదే. మేత తగ్గించండి, ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపకండి.

సున్నం ఇప్పుడు వద్దు. కాల్చిన సున్నమైనా తడి సున్నమైనా ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కూడా తినేసి పీహెచ్‌ను ఇంకా ఎక్కిస్తుంది. చెరువు ఎండగట్టినప్పుడు నేలకు వేయడానికి అది సరైనది. డోలమైట్ మంచిదే, కాల్షియం, మెగ్నీషియం కూడా ఇస్తుంది, కానీ నెమ్మదిగా కరుగుతుంది. పీహెచ్ 8.3 దాటిన నీటిలో దాదాపు కరగదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండే తెల్లవారుజామున వేస్తేనే ఫలితం ఉంటుంది. వెంటనే పట్టు కావాలంటే వంట సోడా.

ఉప్పుటేరు
వంట సోడా క్షారం కదండీ? సాయంత్రం 9.1 ఉన్న నీటిలో అది వేస్తే ఇంకా పెరగదా? పైగా ఎంత వేయాలి? ఖర్చు కూడా చూసుకోవాలి.

నీటిపరీక్ష
వంట సోడాను మంచినీటిలో కరిగిస్తే ఆ ద్రావణం పీహెచ్ 8.3 దగ్గర ఉంటుంది. కాబట్టి పొద్దున 7.6ను కాస్త పైకి, సాయంత్రం 9.1ను కాస్త కిందికి, రెండింటినీ 8.3 వైపు లాగుతుంది. సున్నానికి ఈ గుణం లేదు.

లెక్క ఇది. ఆల్కలినిటీని కాల్షియం కార్బొనేట్‌గా లెక్కిస్తారు. ఒక పీపీఎం పెంచాలంటే లీటరుకు 1.68 మిల్లీగ్రాముల వంట సోడా కావాలి. ఎకరం చెరువులో మీటరు లోతు నీరంటే సుమారు 4,047 ఘనపు మీటర్లు. 20 పీపీఎం పెంచడానికి 136 కిలోలు. మీరు 60 నుంచి 100కు చేరాలంటే 272 కిలోలు. ఖర్చుతో కూడినదే. అందుకే ఇలా చేయండి: మొదటి 20 పీపీఎం వంట సోడాతో, మూడు నాలుగు రోజులకు పంచి వేయండి. మిగతాది డోలమైట్‌తో నెమ్మదిగా పెంచండి.

ఇంకో మూడు మాటలు. నీటి కాఠిన్యం కూడా పరీక్ష చేయించండి. కాల్షియం తక్కువున్న నీటిలో ఆల్కలినిటీ ఎంత ఉన్నా సాయంత్రం పీహెచ్ ఎక్కుతుంది. కాల్షియం ఉంటే పెరిగిన కార్బొనేట్‌ను అది పట్టి కింద పడేస్తుంది. రెండోది, అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ప్రతి మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ తినేస్తుంది. మేత ఎక్కువ పడే చివరి నెలలో ఆల్కలినిటీ తనంతట తానే పడిపోవడం అందుకే. ఒకసారి వేసి వదిలేస్తే సరిపోదు, వారం వారం చూడాలి. మూడోది, ప్లాంక్టన్ చిక్కదనం తగ్గకపోతే ఎంత సోడా పోసినా ఊగిసలాట పూర్తిగా పోదు. బఫర్ దాన్ని కుదిస్తుంది, మూలాన్ని తీసేయదు.

నీలిలిట్మస్
నీటిపరీక్ష గారూ, ఈ ఆల్కలినిటీని ల్యాబ్‌లో ఎలా కొలుస్తారు? మేము కాలేజీలో చేయగలమా?

పాతబోర్డు
చేయగలరు, మీరు ఇప్పటికే సగం చేశారు. ఆ రోజు బఫర్‌లో ఒక మిల్లీలీటరు ఆమ్లం పోసి ఆపారు. ఆల్కలినిటీ పరీక్షలో ఆపకుండా, బఫర్ పూర్తిగా ఖర్చయ్యేదాకా పోస్తారు.

చెరువు నీరు 50 మిల్లీలీటర్లు తీసుకోండి. మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. బ్యూరెట్ నుంచి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా వదలండి. పీహెచ్ 4.5 దగ్గర బైకార్బొనేట్ మొత్తం కార్బోనిక్ ఆమ్లంగా మారిపోతుంది, రంగు నారింజకు తిరుగుతుంది. అక్కడ ఆపండి. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ 20 పీపీఎంకు సమానం. ఉప్పుటేరు గారి నీటికి మూడు మిల్లీలీటర్లు పట్టాలి. పీహెచ్ మీటరుంటే ప్రతి 0.2 మిల్లీలీటరుకూ ఒకసారి చదివి గ్రాఫు గీయండి. మొదట్లో గీత కాస్త వాలుతుంది, పీహెచ్ 6.4 పరిసరాల్లో అంటే పీకేఏ దగ్గర చదునుగా సాగుతుంది, మూడో మిల్లీలీటరు దగ్గర ఒక్కసారిగా పడిపోతుంది. ఆ చదును భాగమే కాలమ్_కాపరి గారు చెప్పిన సామర్థ్యం. పీకేఏ రక్తంలో 6.1 అయితే ఇక్కడ 6.4 ఎందుకని అడుగుతారేమో. రక్తంలో లవణాలు ఎక్కువ, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, అందుకని ఆ తేడా.

నీటిపరీక్ష
నమూనా సీసాను అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత పెట్టి తేవాలి, అదే రోజు పరీక్షించాలి. ఆల్కలినిటీ విలువ అంతగా మారదు గానీ, కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతే పీహెచ్ తప్పు చూపిస్తుంది. పీహెచ్‌ను వీలైతే చెరువు గట్టు మీదే చూడండి. మీటరును ముందు 7.00, 9.18 ప్రామాణిక ద్రావణాలతో సరిచూసుకోండి. అవి కూడా బఫర్లే, మొదటిది ఫాస్ఫేట్, రెండోది బోరాక్స్. ఉప్పుటేరు గారూ, రేపు పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి తీసిన పీహెచ్, దానితో పాటు కాఠిన్యం ఇక్కడ పెట్టండి, డోలమైట్ ఎంత వేయాలో చూసి చెబుతాను.